పిట్ట ముట్టిన కథ

పోయినవారం అనిలను రాజయ్య ఇంటి గడప ముందు నిలబెట్టి వదిలేశాం. వారం రోజులు ఒక మనిషిని గడప బయట నిలబెట్టడం మర్యాద కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్ల నిలబడగలదు. ఎల్లారెడ్డి స్టేషన్‌లో కానిస్టేబుల్ ఆమె. ఆ కొలువులో అన్నిటికన్నా ముందు నేర్పేది నిలబడడమే. పొద్దున డ్యూటీ దిగి, ఇంటికి పోయి కూడా ఒంటి మీది ఖాకీ మార్చకుండా, లింగంపేట మీదుగా వచ్చే బస్సెక్కి కామారెడ్డికి వచ్చింది. వచ్చిన పని ఒక్కటే. చచ్చిపోయిన తండ్రికి పోయిన పేరు తిరిగి ఇప్పించాలి.

ఆ పేరు ఎట్లా పోయిందో రెండు మాటల్లో చెబుతాను. అనిల తండ్రి సాయన్న, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైన ఈ రాజయ్య, ఇద్దరూ ఎల్లారెడ్డిలో ఏళ్లకేళ్లు ఒకే బండి మీద తిరిగిన పోలీసులు. రాజయ్య బక్కపలచని మనిషి. మాట తక్కువ, ఇస్త్రీ మడత ఎక్కువ. సాయన్న భారీ మనిషి. చాయ్ తాగకుండా ఏ ఇల్లూ దాటేవాడు కాదు, పట్టుకున్న దొంగను కూడా తిన్నావా అని అడిగేవాడు. ఒకరు ఎడ్డెమంటే ఇంకొకరు తెడ్డెం. అయినా ఒకరు లేకుండా ఇంకొకరిని ఊరు చూడలేదు. అనిల ఒకటో తరగతిలో ఉండగా, ఒక వానాకాలం సాయంత్రం, వాగులో సాయన్న కొట్టుకుపోయాడు. ఇన్నేళ్ల తర్వాత రాజయ్య కొడుకు సిద్దార్థ సినిమా డైరెక్టరై, ఆ ఇద్దరి మీద ‘రెండు లాఠీలు’ అని ఒక నవ్వుల సినిమా తీశాడు. అందులో లావు పోలీసు మేకల దొంగకు భయపడి వడ్లు నిల్వచేసే గుమ్మిలోకి దూకి దాక్కుంటాడు. బక్క పోలీసు ఒక్కడే దొంగను పట్టుకుంటాడు. గుమ్మిలోంచి బయటికి లాగేసరికి లావాయన ముక్కులో, చెవుల్లో వడ్లు. హాలు హాలంతా పడీపడీ నవ్వుతుంది.

సినిమా బాగుందా అంటే, అది ఎవరిని అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కామారెడ్డి బస్టాండులో ఆటోవాళ్లు ఫస్టాఫ్ మస్తుగుంది, సెకండాఫ్ జర సాగదీసిండు అన్నారు. రిటైరైన ఎస్సైలు పోలీసోళ్లను జోకర్లను చేసిండని మండిపడ్డారు. ఇప్పుడు కొలువులో ఉన్న కానిస్టేబుళ్లు మాత్రం, బందోబస్తులో అన్నం పొట్లం కోసం ఎదురుచూసే సీను చూసి, మా బతుకు చూపించినోడు వీడొక్కడే అని గుట్టుగా మెచ్చుకున్నారు. హైదరాబాదు నుంచి ఫోన్లలో తీర్పులు చెప్పేవాళ్లు పాత చింతకాయ పచ్చడే అని పెదవి విరిచారు. ఎల్లారెడ్డిలో పిల్లలైతే ఆట పేరే మార్చేశారు. దాగుడుమూతలు పోయి ‘గుమ్మి పోలీసు’ వచ్చింది.

అనిల ఇంట్లోనే రెండు మాటలున్నాయి. రోడ్డు మీద బండి ఆపి కాగితాలు అడిగితే, ‘గుమ్మిలకెల్లి ఎప్పుడొచ్చిండ్రు మేడం’ అని కుర్రాళ్లు నవ్వుతారు. ఆమె పళ్లు కొరుక్కుని ఊరుకుంటుంది. తల్లి కమలవ్వ మాత్రం బీడీలు చుట్టే చాట పక్కకు నెట్టి, వీలైనప్పుడల్లా కామారెడ్డికి పోయి అదే సినిమా మళ్లీ చూసి వస్తోంది. ఈ పొద్దున కూడా ఇద్దరికీ అదే వాదన.

“నీకు సిగ్గనిపిస్తలేదానే అమ్మా? నీ మొగన్ని జూసి మంది నవ్వుతుంటే నడుమల కూసోని సూస్తవు.”

“నువ్వు ఆఖరు దాక సూసినవా?”

“గుమ్మి కాడ్నే లేసొచ్చిన.”

“అయితే ఊకో,” అని కమలవ్వ చీర కొంగు సర్దుకుని మ్యాట్నీకి బయల్దేరింది.

ఈ మ్యాట్నీ అయ్యాక అదే హాల్లో సిద్దార్థకూ, అతని నాయనకూ శాలువాలు కప్పుతారు. అక్కడ రాజయ్య మైకు పట్టుకుని గుమ్మి కథ అబద్ధమని నలుగురిలో చెప్పాలి, లేకపోతే కోర్టుకు పోతానని అనిల పట్టు. చెప్పించడానికే వచ్చింది. ఇక ఆ తలుపు తీయిద్దాం.

రాజయ్యే తీశాడు. బనీను మీద ఉన్నాడు. వెనుక బల్ల మీద తెల్ల చొక్కా సగం ఇస్త్రీ అయి ఉంది. ఎదురుగా ఖాకీ కనబడగానే అలవాటు కొద్దీ వీపు నిటారు చేశాడు, ఆ తర్వాత ముఖం చూశాడు.

“లోపటికి రా బిడ్డా. బూట్లు ఇప్పకు, మల్ల లేసులు కట్టుకునుడు పెద్ద పని.”

“కూసునేతందుకు రాలే పెద్దబాపు. ఒక్కటి అడుగుత, సీదా చెప్పు. మా బాపు గుమ్మిల దాగిండా?”

“లేదు.”

దబాయిస్తాడనో, మాట దాటేస్తాడనో అనుకుని ఆమె బస్సులో దారంతా మాటలు పేర్చుకుని వచ్చింది. ఆ ఒక్క మాటతో అవన్నీ పనికిరాకుండా పోయాయి.

“అసలు మేకల దొంగ ఉన్నడా?”

“లేడు. మేకలు లేవు, గుమ్మి లేదు. అంత నేను అల్లిన ముచ్చట. మీ బాపు బెదిరి దాగుకునే మనిషి కాదు. దాగుకుంటె బతికి ఉంటుండె.”

అనిల గొంతు లేచింది. “మరెందుకు అల్లినవ్? కొడుకు సినిమాకు కథ కావాల్నని, సచ్చిపోయినోడు వచ్చి అడుగుతడా అనుకున్నవా? రోడ్డు మీద నేను ఎట్ల నిలవడుతున్ననో నీకు తెలుసా? నువ్వు గుడ పోలీసు పని చేసినోనివే గదా పెద్దబాపు. ఆ బట్టల మీద ఒకడు నవ్వితె ఎట్లుంటదో తెల్వదా?”

రాజయ్య తల దించుకున్నాడు. సినిమాను అతను ఒక్కసారే చూశాడు. బక్క పోలీసు వీరుడై దొంగను మోసుకొచ్చే సీనులో కూడా ఇట్లాగే తల దించుకుని కూర్చున్నాడని పక్కవాళ్లు చెప్పారు.

“సినిమా యాడిది బిడ్డా. అప్పటికి సిద్దార్థకు మూతి మీద మీసం రాలె. ఆ ముచ్చట నేను చెప్పింది మీ బాపు దినం నాడు. వాడు పక్కకు కూసోని ఇన్నడు, నిజమనుకున్నడు. వాడే కాదు, అందరు నిజమే అనుకున్నరు.”

“దినం నాడు ఎవలన్న నవ్వుల కథలు చెప్తరా?”

“చెప్పాల్సొచ్చింది. పిట్ట ముట్టలే.”

ఈ మాట అన్నాక అనిల ఇంకేం అడగలేదు. ఆ ప్రాంతపు మనిషికి అది చాలు. పదకొండో రోజున పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముట్టిందా, మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అదేమిటో కనుక్కుని, మాట ఇచ్చి, బుజ్జగించాలి. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడే రాజయ్య, బల్ల అంచు పట్టుకుని, ఆ రోజు సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

“మటన్ పెట్టినం, కల్లు పెట్టినం, ఆయన తాగే బీడీలు పెట్టినం. ఎండ నెత్తి మీదికొచ్చింది. కాకులు చెట్టు మీద కూసున్నయి గని దిగుతలేవు. ఒకలు ‘సాయన్నా, నీ పెండ్లాన్ని మేం సూస్కుంటం’ అన్నరు. దిగలే. ‘నీ పొలం పడావు పడనియ్యం’ అన్నరు. దిగలే. మీ మేనత్త లేసి ‘బిడ్డ మీదనే పాణమున్నది’ అని నిన్ను గుంజుకొచ్చి ముంగట కూసోబెట్టింది. యాదికున్నదా?”

“నవ్వుడు యాదికున్నది. అందరు నవ్విండ్రు. మా బాపు సచ్చిపోతే గిట్ల నవ్వుతరేందని నేను ఏడ్సిన.”

“నవ్వక ముందుది యాదికి లేదు గదా. అదే మంచిది అనుకున్న ఇన్నేండ్లు. బాపు పోయినప్పటి సంది మీ అమ్మ నోరు తెరవలే. ఏడ్వను గుడ ఏడ్వలే. అప్పుడు తెరిసింది. ‘పొల్ల ఫోన్ చేయకపోతే’ అన్నది. గంతే అన్నది. ఆడోళ్లందరి మొకాలు నీ దిక్కు తిరిగినయి.”

ఇస్త్రీ పెట్టె ఇంకా వేడెక్కుతూనే ఉందని గుర్తొచ్చి, వెళ్లి స్విచ్ తీశాడు. అనిల ఉన్నచోటనే ఉంది.

“ఏ పొల్ల?” అని అడిగింది, తెలిసి కూడా.

“ఆ మాట ఇంకొంచెం ముంగటికి పోతే ఏమయితుండెనో నేను మా సుట్టాలల్ల సూసిన బిడ్డా. మా మామ బిడ్డను చిన్నప్పుడు ఒక్కసారి అన్నరు. ఆమె ముసల్దయింది, మనుమలైండ్రు, పేరు మాత్రం పోలే. పెండ్లిళ్లకు పోతే పెండ్లిపిల్ల దగ్గరికి రానియ్యకపోతుండ్రి.”

“తండ్రిని మింగింది అంటరు,” అంది అనిల.

“ఆ మాట నా నోట రాదు. ఆ పొద్దు ఎవల నోట రావద్దని ఏది తోస్తె అది అన్న. ‘ఒరేయ్ సాయిగా, గుమ్మిల దాగిన ముచ్చట చెప్తె గని దిగవా’ అని ఒర్రిన. అందరు బిత్తరపోయిండ్రు. ఆపితే మీ అమ్మ మల్ల మొదలువెడ్తదని ఆపకుంట చెప్పుకుంట పోయిన. మేకల దొంగ అన్న, గుమ్మి అన్న, చెవులల్ల వడ్లన్న. నాకు ముచ్చట్లు చెప్పుడు ఎప్పుడొచ్చు? సాయన్న చెప్తె ఎట్ల చెప్తుండెనో అట్ల చెప్పిన. ఒకలు నవ్విండ్రు, ఇంకొకలు నవ్విండ్రు. ఆఖరికి మీ అమ్మ నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్సింది. అప్పుడు దిగింది కాకి. ఇగ ఊరంత ఒక్కటే మాట. సాయన్న కడుపుల దాసుకున్నది గిదే, బయటవడంగనే తృప్తి అయిండు, నిజం గాకపోతే పిట్ట ముడుతదా అని.”

ఎండకు ఆకలేసి దిగిందేమోనని ఆ రోజు ఎవరికీ తోచలేదు. తోచినా అనే ధైర్యం ఎవరికుంటుంది? పిట్ట సాక్ష్యం చెప్పాక దాని మీద అప్పీలు లేదు. అట్లా ఒక దిక్కులేని అబద్ధం సాయన్న స్వయంగా ఒప్పుకున్న నిజమైపోయింది. దినాలకూ పెళ్లిళ్లకూ చెప్పుకునే ముచ్చటై, సిద్దార్థ చేతిలో పడి, తెరకెక్కింది.

“ఫోన్ సంగతి చెప్పు,” అంది అనిల.

“వద్దు బిడ్డా.”

“నేను పోలీసును పెద్దబాపు. సగం స్టేట్‌మెంట్ తీసుకోను.”

రాజయ్య ఆమె భుజం మీది ఖాకీని చూశాడు. ఆ గొంతు సాయన్నది కాదు, తనదే. ఇన్నేళ్లు దొంగలతో తను మాట్లాడిన గొంతు.

“వాగు పొంగింది. ఇప్పటి పెద్ద వంతెన అప్పుడు లేదు, కింది కల్వర్టే. లింగంపేట దిక్కున నిలవడి, తాడు కట్టి, ఎవల్ని దాటనియ్యకుంట సూస్తున్నం. పొద్దు గూకుతున్నది. మీ బాపు ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్ల సుట్టి అంగి జేబుల పెట్టుకున్నడు. మోగింది. నువ్వే. ఉరుములకు భయమయితున్నది, నువ్వొచ్చెదాక బువ్వ తిన అన్నవట. పెద్దగ నవ్విండు. ‘అన్నా, నా మీద వారంట్ వచ్చింది, పోక తప్పదు’ అన్నడు. వద్దురా అన్న. మోకాళ్ల దాక నీళ్లే గదా అన్నడు. పొద్దటి సంది మంది కాళ్లు పట్టుకోని ఆపిన మనిషి, తనే తాడు కిందికెల్లి దూరిండు.”

“ఆపలేకపోయినవా?”

“ఆయనను ఎవలు ఆపిండ్రు ఎన్నడన్న? తాడు పట్టుకునే పోయిండు. సగం దాటిండు. మసక, వాన, నాకు మంచిగ కనవడలే. అక్కడ ఎందుకో తాడు మీది చెయ్యి తీసి ఛాతి మీదికి తెచ్చుకున్నడు. నా దిక్కు తిరిగి నిలవడ్డడు. నడువురా అని ఒర్రిన, నీళ్ల సప్పుడుకు ఇనవడలేదేమొ. గుండెల నొప్పి లేసిందో, దేవునికి మొక్కిండో, ఇప్పటికి సమజ్ కాలే నాకు. అంతల పెద్ద నీళ్లొచ్చినయి.”

అనిల తల అడ్డంగా ఊపింది. “నేను చేస్తె కలవలేదని చెప్పింది అమ్మ. ఫోన్ కలవలే బిడ్డా, వానకు టవర్ పోయింది అన్నది.”

“అట్ల చెప్పుమన్నది నేనే.”

ఆమెకు ఒక నవ్వు గుర్తుంది. ఫోన్లో, వెనకాల వాన చప్పుడు, ‘వస్తున్న బిడ్డా’ అని బాపు గొంతు. ఏ రోజుదో తెలియదు. ఏదో మామూలు రోజుది అనుకుని దాచుకుంది. బాపు గొంతు మరిచిపోతానేమోనని భయమేసినప్పుడల్లా దాన్నే గుర్తు చేసుకునేది. ఇన్నేళ్లుగా ఓదార్పు అనుకుని తలుచుకున్నది ఆ సాయంత్రాన్నేనని ఇప్పుడు తెలిసింది. బూట్లతోనే గచ్చు మీద కూర్చుండిపోయి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. రాజయ్య ఓదార్చలేదు. ఓదార్చడం అతనికి రాదు. చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, తనూ గోడకానుకుని కూర్చున్నాడు.

ఆమె ఏడుపు తగ్గాక అతనే అన్నాడు. “మైకుల అబద్దమని చెప్త బిడ్డా. నాకు సిగ్గు లేదు. గని ‘ఎందుకు అల్లినవ్ రాజయ్యా’ అని ఎవడో ఒకడు అడుగుతడు. అప్పుడేం చెప్పాలె?”

తండ్రి పేరు నిలబడాలంటే అనిల తన పేరు పణంగా పెట్టాలి. తండ్రి పేరు తీసిన కథే తన పేరు కాపాడింది. దాన్ని తిట్టాలో మొక్కాలో ఆమెకు తెలియలేదు. రోడ్డు మీద నవ్వినవాళ్లే రేపు ఆ ఇంకో మాట అంటే ఎట్లా నిలబడాలో అంతకన్నా తెలియలేదు. భయమేసింది. ఆ భయానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

“వద్దు పెద్దబాపు,” అంది చివరికి. “మైకు పట్టకు.”

రాజయ్య సగం మిగిలిన చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని, బండి బయటికి తీశాడు. ఎక్కి, బాగా ముందుకు జరిగి, వెనుక లావు మనిషికి సరిపడా జాగా వదిలి కూర్చున్నాడు. ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఆ జాగాలో అనిల కూర్చుంది.

వాళ్లు హాల్లోకి పోయేసరికి ఆఖరు సీను నడుస్తోంది. తెర మీద లావు పోలీసు తడిసి ముద్దై ఇంటికొచ్చాడు. టోపీ మేకుకు తగిలించాడు. పెండ్లాం ఇంతసేపా అని గులుగుతూ కంచం పెట్టింది. అతను తిన్నాడు, ఇంకొంచెం పెట్టుమన్నాడు. అంతే, అయిపోయింది. సిద్దార్థకు సాయన్న అంటే ప్రాణం. సినిమాలో చంపడానికి చెయ్యి రాక వాగునే కథలోంచి తీసేశాడు. ఆఖరు సీను సప్పగుందని ఫోన్లలో తీర్పులు చెప్పినవాళ్లు తిట్టింది దీన్నే.

అనిల తెర వైపు కాదు, తల్లి వైపు చూసింది. కమలవ్వ నడిమి వరుసలో ఉంది. నవ్వడం లేదు, ఏడవడం లేదు. తెర మీది పెండ్లాం అన్నం పెడుతుంటే ఈమె ఒళ్లో చెయ్యి కూడా కదిలింది. సినిమాలో ఆయన ఇంటికొస్తాడు. అది చూడడానికే వస్తోంది ఆ తల్లి, ఇన్నిసార్లు, ఎవరెంత నవ్వినా. ఆఖరు దాకా చూసినవా అని పొద్దున ఎందుకడిగిందో అనిలకు అప్పటికి అర్థమైంది. కోర్టుకు పోయి దీన్నా ఆపించాలనుకున్నాను అని మనసు చివుక్కుమంది.

లైట్లు వెలిగాయి. ముందు వరుసలో ఒక కుర్రాడు కుర్చీ వెనక దాక్కుని, చెవుల్లోంచి వడ్లు దులుపుకున్నట్టు చేసి లేచాడు. స్నేహితులు ఈల వేశారు. హాలంతా ఇంకోసారి నవ్వింది. సిద్దార్థ తెర ముందుకొచ్చి, శాలువాలు అయ్యాక, చేతిలో మైకుతో చెప్పాడు.

“మా సాయన్న కాక బిడ్డ అనిల నాకు చెల్లె. ఈ సినిమాతోని ఆమె మనసు నొచ్చింది. గుమ్మి సీను నిజమా కాదా, నేను చెప్పుడెందుకు, మా బాపే చెప్తడు.” నిజమేనని అతనికి నమ్మకం. అందుకే గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

రాజయ్య మైకు అందుకుని అనిల వైపు చూశాడు. ఆమె వద్దన్న మాట ఇంకా వాళ్లిద్దరి మధ్యే ఉంది. కుర్రాడు ఇంకా చెవులు దులుపుకుంటున్నాడు. నాకు భయమేస్తే నీళ్లలోకి నడిచిన మనిషి బాపు. నేను భయపడి ఆయన్ని గుమ్మిలోనే ఉంచెయ్యాలా అనుకుంది అనిల. చెప్పు అన్నట్టు తల ఊపింది.

“గుమ్మి ముచ్చట అబద్దం,” అన్నాడు రాజయ్య. “నేను అల్లిన. సాయన్న ఎన్నడు దాగలే.”

ఈలలు ఆగిపోయాయి. సిద్దార్థ చటుక్కున తండ్రి వైపు తిరిగాడు. నిజం కథ అని పోస్టర్ మీద వేయించినవాడు అతను. బాల్కనీలోంచి ఎవరో, ఎల్లారెడ్డి మనిషే, వెక్కిరింపు లేకుండానే అడిగాడు.

“మరెందుకు అల్లినవ్ హెడ్ సాబ్?”

రాజయ్య మైకు దించేశాడు. అనిల నడవాలోకి అడుగు వేసింది. “నేను చెప్త,” అంది.

“ఆగు బిడ్డా.”

కమలవ్వ లేచి నిలబడింది. వరుసలోంచి పక్కవాళ్ల మోకాళ్లు తప్పించుకుంటూ వచ్చి, రాజయ్య ఎదురుగా ఆగింది. జనం వైపు చూడలేదు. మైకు సంగతి ఆమెకు పట్టలేదు. అది రాజయ్య చేతిలో, ఆమె నోటికి దగ్గర్లోనే వేలాడుతోంది.

“బావా, ఆ దినం నాడు నేను ఒక మాట మొదలువెట్టిన. నువ్వు నడుమల్నె ఆపినవు. పొల్లను అంటననుకున్నవా?”

అవునన్నట్టు రాజయ్య తల ఊపాడు.

“పొల్ల ఫోన్ చేయకపోతే ఆయన ఆఖరు నవ్వు మాకు ఇనవడకపోవు. గది చెప్పబోయిన. నవ్వుకుంటనే బయలెల్లిండు, ఆయనకేం మిగుల్లేదు, ముట్టు తల్లీ అని పిట్టకు చెప్పబోయిన. నా బిడ్డను నేను అంటనా బావా?”

అనిల నడవాలో ఆగిపోయింది. ఎవరూ అనని మాటకు భయపడి రాజయ్య ఇన్నేళ్లు ఒక కథను మోశాడు.

“గని నువ్వు ఆపుడే నాకు మేలయింది,” అంది కమలవ్వ. గొంతు తగ్గింది, మైకు మాత్రం తగ్గనివ్వలేదు. “ఆ ఎనుక మాట నాకు చెప్పొస్తలేకుండె. పొల్ల ఫోన్ పెట్టేసినంక నేను మల్ల చేసిన. నీళ్లు మస్తుగున్నయట, రావొద్దు అని చెప్పెతందుకు చేసిన.”

రాజయ్యకు మసకలో ఆ చెయ్యి మళ్లీ కనబడింది. తాడు మీది నుంచి లేచిన చెయ్యి. గుండె నొప్పి కాదు, దేవుడికి మొక్కడం కాదు. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోన్ ఉన్నది ఛాతీ మీది ఆ అంగి జేబులోనే.

“ఎత్తిండా?” అని అడిగాడు. హాలంతా వినబడింది.

“ఎత్తిండు,” అంది కమలవ్వ. “మాట్లాడిండు గుడ. నీకు ఒక మాట చెప్పుమన్నడు బావా. ఇన్నేండ్లు నేను చెప్పలే.”

ఆ మాటేమిటో వచ్చేవారం, అందాకా కమలవ్వను ఈ మైకు ముందు నిలబెట్టక తప్పదు.